ఒకటి కలపాలి

ఆగింది. వసిష్ఠ నడిమధ్యన, అటు సఖినేటిపల్లి రేవూ దగ్గర కాదు, ఇటు నరసాపురం రేవూ దగ్గర కాదు, పంటు అడుగున ఇసుక కరకరమని రాసుకుంది, ఇంజను రెండుసార్లు గొంతు సవరించుకుని ఊరుకుంది, డ్రైవరు బీడీ వెలిగించుకున్నాడు. "ఆటు మీదుందండీ, ఇసుక మేట. పోటు తగిల్తే గానీ లేవదండీ, గంట పట్టుద్దండీ" అన్నాడు ఎవరూ అడక్కుండానే, అందరికీ కలిపి. గంట! మూడింటికి విచారణ, ఇప్పుడు రెండూ పది. కామాక్షి పొద్దున్నే చెప్పింది, చించినాడ వంతెన మీదుగా బైకు మీద పొండి, హాయిగా చేరతారు అని. విన్నానా? నేనెవరి మాట విన్నాను గనక. ఊరందరి పొలాలూ కొలిచే మనిషికి ఇంట్లో మాట చెవికెక్కదంటుంది మా ఆవిడ, పెళ్లయిన దగ్గర్నుంచీ అదే మాట. నిజం చెప్పుకోవాలంటే, ఇక్కడ ఏటి మధ్యన ఎవరు వింటారు గనక, చెప్పుకుంటాను, ఆలస్యం కావాలనే పంటు ఎక్కాను. అది మేట వేస్తుందని తెలిసే ఎక్కాను. ఇప్పుడు నిజంగానే వేస్తే విసుక్కుంటున్నాను, ఇదీ నా బతుకు. నాలుగు మోటారు సైకిళ్లు, ఒక ఆటో, రొయ్యల బుట్టతో ఒకావిడ, నేను, నా ఒళ్లో సంచీ.

సంచీలో ఫైలు, ఫైలులో వెంకటసాయి. ముప్పై రెండేళ్ల మనిషి, నా దగ్గరే పని నేర్చుకున్నవాడు, రాయి మట్టంగా నిలబడిందో లేదో నాకంటే ముందు చూసేవాడు. ఇవాళ వాడి పేరు మా లైసెన్సు సర్వేయర్ల సంఘం పట్టీలోంచి కొట్టెయ్యాలా వద్దా అని విచారణ. కొట్టేస్తే చట్టం ఏమీ అనదు, జైలూ లేదు, జుల్మానా లేదు, కానీ రాజోలు నుంచి కొత్తపేట దాకా ఒక్క రైతు వాణ్ణి గట్టు మీదికి రానివ్వడు. ఈ ఒడ్డు సర్వేయరు తప్పు చేస్తే ఆ ఒడ్డు వాళ్లు వినాలి, ఆ ఒడ్డు వాడు చేస్తే మనం వినాలి, అది మా పద్ధతి. ఎందుకంటే ఒకే ఒడ్డున ప్రతివాడికీ ప్రతివాడూ బావో బావమరిదో అవుతాడు, ఏదీ కాకపోతే కలిసి టీ తాగినవాడైనా అవుతాడు, ఇక తప్పు ఎవరు పట్టుకుంటారు? ఈ పద్ధతి పెట్టింది గంగరాజు గారు. నాకు కొలత గొలుసు పట్టుకోవడం నేర్పింది ఆయనే, నాకు అక్షింతలు వేసిందీ ఆయనే, తలంబ్రాల మాట కాదు, తిట్ల మాట. ఎనభై నాలుగేళ్లొచ్చాయి, చూపు మందగించింది, అయినా నరసాపురంలో పాత రైసుమిల్లు గదిలో ఇప్పటికీ ఆయనే పెద్ద. ఆ మిల్లు సిమెంటు కళ్లం మీద సరిగ్గా ముప్పై మీటర్ల దూరంలో రెండు ఇత్తడి మేకులు దిగగొట్టించాడు. ఒకడి కొలత తప్పని చెప్పడానికి వచ్చిన సర్వేయరు ముందు తన టేపు ఆ మేకుల మధ్య పరిచి చూపించాలి. ఉంగరం ఉన్న కొస ఫిర్యాదు తెచ్చిన మనిషి పట్టుకోవాలి. నీ కొలత సరిగ్గా ఉందని తేలాకే ఎదుటివాడి కొలత గురించి నోరు విప్పు, అంతే. ఇప్పుడెవడు టేపు వాడుతున్నాడు, అన్నీ శాటిలైటు మెషీన్లే, అయినా మేకులు మేకులే, అందరూ షాపులో కొత్త టేపు కొనుక్కుని అక్కడికి వస్తారు. ఇవాళ వెంకటసాయి కొలత తప్పని చెప్పవలసింది నేనే గనక నేనూ కొన్నాను. పచ్చ ప్లాస్టిక్ డబ్బీ, ఇంకా రేటు చీటీ కూడా ఊడలేదు. దాని పక్కన, సంచీ అడుగున, తోలు డబ్బీలో పాత టేపు కూడా ఉంది. పొద్దున అటక మీంచి దించి, దుమ్ము దులిపి ఎందుకు పెట్టుకున్నానో నన్నడక్కండి.

ఎండ నీళ్ల మీద పడి పైకి లేచి రేకు కప్పు లోపలివైపు ఆడుతోంది, అక్కడ వెలుతురు గీతలు గీసి చెరిపేసుకుంటోంది, సర్వే నంబర్లు వేసినట్టే ఉంది, ఒక నంబరు కలవగానే పక్కది విడిపోతోంది. ఏటికి రాయి పాతలేం. పటంలో ఇక్కడంతా ఖాళీ, గోదావరి అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. ఇక్కడ ఎవరి హద్దులోనూ లేను నేను, ఈ గంటసేపూ ఎవరికీ ఏమీ కానక్కర్లేదు, అనుకుంటే ఎంత బావుంది. ఇలాగే ఉండిపోతే, పోటు రాకుండా, ఇంజను లేవకుండా, ఆ రొయ్యల బుట్టావిడా నేనూ ఈ బీడీ వాసనా.

"అంజిబాబు గారేనా అండీ?"

ఆటో వెనక నుంచి వచ్చింది. వీరవేణి. ఫిర్యాదు పెట్టిన మనిషి. సఖినేటిపల్లి అవతల రాజోలు వైపు కాలవ గట్టు పక్కన వాళ్ల కొబ్బరితోట, అరెకరానికి కాస్త తక్కువ, భర్త మస్కట్‌లో డ్రైవరు, ఇక్కడ అన్నీ ఈవిడే. పంటు ఎక్కేటప్పుడు చూడలేదు, చూస్తే దిగిపోయేవాణ్ణేమో. "ఆయ్, నేనేనమ్మా" అన్నాను. "మిమ్మల్ని చూసేక ధైర్యం వచ్చిందండీ. మీరు పెద్దోరు, మా తోట మీకు తెలుసు కూడానూ. హద్దు చూడమని పిలిస్తే ఆ కుర్రోడు పక్క తోట ముసలయ్య గారి దగ్గర ఏదో తీసుకుని రాయి సరిగ్గానే ఉందని రాసేసేడండీ. తరవాత గవర్నమెంటు సర్వేయరు వచ్చి కొలిస్తే మీటరు మాదేనని తేలిందండీ. మీటరంటే మాటలా అండీ, తోట పొడుగూతా." అవునమ్మా, ఎనభై మీటర్ల పొడుగు, రెండు సెంట్లు, పదకొండు కొబ్బరి చెట్లు, నాకు తెలుసు, అని నోటి దాకా వచ్చింది. "విచారణలో చెప్పుకుందువు గానిలే అమ్మా" అన్నాను. పెద్దమనిషి గొంతు ఒకటుంటుంది మా సంఘంలో, ఆ గొంతుతో అన్నాను. నాకే చిరాకేసింది.

ముసలయ్య దగ్గర వాడేమీ తీసుకోలేదు. అది నాకు తెలుసు, ముసలయ్యకు తెలుసు, వెంకటసాయికి తెలుసు. మొన్న సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాడు. "మాస్టారండీ, రోవర్ మెషీను పెట్టి చూస్తే మీటరు తేడా వచ్చిందండీ. మూడుసార్లు పెట్టేను, మూడుసార్లూ అదే వచ్చిందండీ" అన్నాడు. మరి రాయి సరిగ్గా ఉందని ఎలా రాశావురా అన్నాను. తల దించుకున్నాడు. "ఆ రాయి మీరు వేసిందండీ. పంతొమ్మిదేళ్ల కిందట. మీ రాయి తప్పవుద్దా అండీ, నా మెషీనే ఎక్కడో దారి తప్పిందనుకున్నానండీ. అంకెలు సర్దేసేను." సర్దేశాడు! మా వృత్తిలో ఆ మాటకి మించిన బూతు లేదు. చెంప మీద కొడదామన్నంత కోపం వచ్చింది, వాడి మీదా, ఆ మాట విని లోపల ఎక్కడో సంతోషించిన నా మీదా. నా రాయి తప్పవదని ఒకడు మెషీను కళ్లనే నమ్మకుండా నన్ను నమ్మాడు, ఇంతకంటే ఏం కావాలి ముసలి సర్వేయరుకి? ఛీ. ఫైలులో వాడి జవాబు ఉంది, ఇంకోసారి తీసి చూశాను, గాలికి రెపరెపలాడుతోంది. పొరపాటు నాదే, వివరణ ఏమీ లేదు, అని ఒకే వరస, కింద సంతకం. నా పేరు ఎక్కడా లేదు. నా పాత పటం ఈ ఫైలులో లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి లేదు.

వాడు వెళ్లాక ఆ రాత్రే పాత ఫీల్డు బుక్కు వెతికాను. ఎన్నో ఏళ్లుగా ముట్టని పుస్తకం, పేజీలు గోధుమరంగుకి తిరిగాయి. ఆ ఏడాది నా టేపు మొదటి మీటరు దగ్గర తెగింది. కొత్తది కొనాలంటే అప్పట్లో కాకినాడ వెళ్లాలి. రాజోల్లో సైకిలు షాపువాడు ఉంగరాన్ని ఒకటో మీటరు గీత దగ్గర రివిటు కొట్టి ఇచ్చాడు. అంటే నా టేపు సున్నాతో మొదలవదు, ఒకటితో మొదలవుతుంది. కొలిచినప్పుడు ఒకటి తీసెయ్యాలి, రాయి పాతినప్పుడు ఒకటి కలపాలి, ఇరవై నాలుగు మీటర్లకి రాయి వెయ్యాలంటే టేపు మీద ఇరవై అయిదు చూడాలి. మర్చిపోకుండా ప్రతి పేజీలోనూ అంచున "ఒకటి కలపాలి" అని రాసుకుని గుండ్రంగా సున్నా చుట్టేవాణ్ణి. ఎంత పద్ధతో చూడండి. అన్ని పేజీల్లోనూ ఉంది. ఒక్క పేజీలో లేదు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, వీరవేణి మామగారి తోట. ఆ పేజీలో ఇరవై నాలుగు అని ఉంది, అంచు ఖాళీగా ఉంది, పక్కన తడి పడ్డ మరక ఉంది, కొబ్బరినీళ్ల మరక. ఆయనే కొట్టించి ఇచ్చాడు బొండాం, గట్టు మీద చెట్టుదే, "తాగండి బాబూ, ఎండ మండిపోతంది" అంటూ. నేను నిలబడే గటగటా తాగాను, మలికిపురంలో ఇంకో పని ఉంది, బస్సు వేళవుతోంది. గొంతు చల్లబడింది. ఇరవై నాలుగు దగ్గర గునపం దింపమన్నాను.

ఆ రాయి చెట్ల వరసకి ఇవతల పడింది. ఆ చెట్లన్నీ ఆయన నాటినవే. వరస వరసంతా ముసలయ్య వైపు వెళ్లిపోయింది. ఆ పెద్దాయన రాయి వంక చూశాడు, చెట్ల వంక చూశాడు, పై కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అక్కడ పడిందా అండీ రాయి? సరే అండీ. తమరు కొలిచేక ఇంకేవుందండీ" అన్నాడు. గొడవ పడలేదు, తిట్టలేదు, మళ్లీ కొలవమని కూడా అడగలేదు. అడిగుంటే కొలిచేవాణ్ణి. అడగలేదేం పెద్దాయనా? నీళ్ల మీంచి గాలి వస్తోంది, చల్లగా, బొండాం నీళ్ల వాసనతో, లేదు, ఇది ఏటి వాసన, రొయ్యల వాసన, నాకు కునుకు పడుతున్నట్టుంది. రెప్పలు మూతపడుతుంటే ఆ పదకొండు చెట్లూ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న ఆడవాళ్లలా వరసగా నడిచివస్తున్నాయి పంటు దగ్గరికి, మేం ఏ వైపండీ, ఏ వైపు వెళ్లమంటారండీ అంటున్నాయి, ఎంతో మర్యాదగా, అండీ అండీ అంటూ. నేను టేపు తీసి చూపిస్తున్నాను, టేపు మీద అంకెలు లేవు, అంతా తెల్లగా ఉంది, తెల్లటి రిబ్బను నీళ్ల మీద తేలిపోతోంది సముద్రం వైపు. గంగరాజు గారు ఒడ్డు మీంచి అరుస్తున్నాడు, ముందు నీ టేపు చూపించరా, ముందు నీ టేపు. మెలకువ వచ్చింది.

చెప్పకపోతే ఏమవుతుంది? ఆలోచిద్దాం, తొందరేముంది, పోటింకా రాలేదు. గవర్నమెంటు సర్వేయరు ఎలాగూ మీటరు తేల్చాడు, వీరవేణికి ఆ చెట్లు వచ్చేస్తాయి. ఆవిడకి రావలసింది వస్తుంది కదా. వెంకటసాయి ఏడాదో రెండేళ్లో ఊరుకుంటాడు, వయసుంది, హైదరాబాదు వెళతాడు, గల్ఫు వెళతాడు, సర్వే తెలిసినవాడికి పనికేం కరువు. నాకు యాభై తొమ్మిది. నా పేరు కొట్టేస్తే, నేను వేసిన రాళ్లన్నీ, ఎన్ని వేలు వేసుంటాను, కాలవ గట్ల మీదా, వరిచేల మధ్యా, అన్నిటి మీదా అనుమానం వస్తుంది, అన్నదమ్ములు మళ్లీ గునపాలు పట్టుకుంటారు, అదంతా ఎవరికి మంచిది? చూశారా ఎంత చక్కగా వచ్చేసిందో వాదన, ఒక్క మెలిక కూడా లేకుండా. నలుగురి మంచి కోసం నోరు మూసుకునే మహానుభావుణ్ణి. పైగా నేనే ఫైలు మోసుకెళుతున్నాను, నేనే సంఘం కార్యదర్శిని, రెండేళ్ల కిందట అమలాపురంలో వృత్తి ధర్మం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను, శాలువా కప్పారు, శాలువా ఇంట్లో బీరువాలో ఉంది, కలరా ఉండలు వేసి మడతపెట్టింది కామాక్షి. నవ్వొచ్చింది. రొయ్యల బుట్టావిడ నా వంక అదోలా చూసింది.

వీరవేణి మళ్లీ దగ్గరికొచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడింది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టే అంది, ఏటి వంక చూస్తూ. "నేను కాపరానికి వచ్చేసరికే ఆ రాయి ఉందండీ. గాలేస్తే ఆ వరస చెట్ల కాయలు మా వైపే పడతాయండీ. మా మామగారు చెప్పేరు, అవి మనవి కాదమ్మా, ఒక్కటి కూడా వాడొద్దు, ఏరి గట్టు మీద పెట్టెయ్యి అని. పెట్టేసేదాన్నండీ రోజూ. నేను కడుపుతో ఉన్నప్పుడు లేత కొబ్బరి తినాలనిపించినా, కాలి దగ్గర పడ్డ కాయ కూడా పట్టుకెళ్లి గట్టు మీదే పెట్టేనండీ. ముసలయ్య గారి ఆవిడ చూసి నవ్వింది, తీసుకో అమ్మాయీ అంది. వద్దండీ, మా మామగారు ఒప్పుకోరు అన్నాను." గాలికి లేచిన కొంగు సర్దుకుంది. "ఆయన పోయేముందు కూడా అదే చెప్పేరండీ. ఎవరి కాయ వాళ్లకి పెట్టెయ్యమ్మా అని." ఆమె ఏడవడం లేదు. నేనే రెయిలింగు గట్టిగా పట్టుకున్నాను. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ తన చెట్టు కాయలు తనే ఏరి పక్కవాడి గట్టు మీద పేర్చింది ఈ పిల్ల, ఒక ముసలాయన నా రాయిని నమ్మినందుకు. వెంకటసాయి నమ్మిందీ ఆ రాయినే. ఇద్దరూ వేరే వేరే చోట్ల నిలబడి ఒకే రాయిని నమ్మారు, నేను మాత్రం బస్సు వేళవుతోందని నమ్మాను.

అప్పుడు కదిలింది. ఎక్కడో అంతర్వేది అవతల సముద్రం ఊపిరి తీసుకున్నట్టుంది, పంటు కిందినుంచి మెల్లగా ఎవరో ఎత్తినట్టు లేచింది, అంగుళం, ఇంకో అంగుళం, ఇసుక వదిలిపెట్టింది. "వచ్చిందండీ పోటు!" అని డ్రైవరు బీడీ నీళ్లలోకి విసిరాడు. మోటారు సైకిళ్ల వాళ్లు హమ్మయ్య అనుకున్నారు. నరసాపురం రేవు దగ్గరవుతుంటే మెట్లు, టీ బంకు, ఆటోలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. నాకు మటుకు నీళ్లు ఇంకా అలాగే ఆడుతున్నాయి కళ్ల ముందు. దిగి నడిచానో, ఆటో ఎక్కానో, ఆవిడ పక్కనే ఉందో, సరిగ్గా గుర్తులేదు, సంచీ బరువు మాత్రం గుర్తుంది.

రైసుమిల్లు కళ్లం ఎండకి తెల్లగా మెరుస్తోంది. నీడన కుర్చీలో గంగరాజు గారు, పక్కన నరసాపురం ఒడ్డు సర్వేయర్లు ఇద్దరు, గోడ దగ్గర వెంకటసాయి, చేతులు కట్టుకుని. "ఆలస్యంగా వచ్చేవేరా అంజిబాబూ" అన్నాడు గంగరాజు గారు, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి. పంటు మేటేసిందండీ అన్నాను. "సరే. ముందు నీ టేపు" అన్నాడు ఆయన. సంచీలో చెయ్యి పెట్టాను. పచ్చ డబ్బీ నున్నగా చేతికి తగిలింది. దాన్ని పక్కకి తోసి తోలు డబ్బీ తీశాను. వెంకటసాయి గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేశాడు. "మాస్టారండీ, వద్దండీ" అన్నాడు, మెల్లగా. వాడికి ఆ టేపు తెలుసు. నా దగ్గర చేరిన మొదటి నెల్లో, ఇది వాడొద్దు, ఒకటి కలపాలి, మర్చిపోతాం, అని చెప్పి అటకెక్కించింది నేనే.

ఉంగరం వీరవేణి చేతికిచ్చి ఇటువైపు మేకు మీద పట్టుకోమన్నాను. ఆమె చీర కొంగు దోపుకుని కూర్చుని రెండు చేతులతోనూ నొక్కిపట్టుకుంది, ఎంతో జాగ్రత్తగా, చంటిపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు. నేను టేపు వదులుకుంటూ నడిచాను. పది, పదిహేను, ఇరవై నాలుగు, అక్కడ ఒక్క క్షణం కాళ్లు ఆగాయి, ఇరవై అయిదు, ముప్పై. టేపు అయిపోయింది. రెండో ఇత్తడి మేకు ఇంకా అవతల ఉంది, ఎండలో మెరుస్తూ. మధ్యలో ఖాళీ సిమెంటు.

"ఏమైందిరా?" అన్నాడు గంగరాజు గారు, కళ్లు చికిలించి. "మీటరు తక్కువొచ్చిందండీ" అన్నాను. "ఎవడి టేపది?" "నాదేనండీ. వీరవేణమ్మ గారి తోటలో రాయి వేసింది ఈ టేపుతోనే. ఒకటి కలపడం మర్చిపోయేనండీ. రాయి నాది, తప్పు నాది. సర్దడం వెంకటసాయి తప్పు, అది వాడు చెప్పుకుంటాడు. ముందు నా పేరు రాసుకోండి." గంగరాజు గారు కలం మూత తియ్యడానికి చాలాసేపు పట్టింది. తీశాడు. కాగితానికి మొహం ఆనించి, నా పేరు పైకే పలుకుతూ, అక్షరం అక్షరం రాసుకున్నాడు.

వీరవేణి అక్కడే కూర్చుని ఉంది, ఉంగరం పట్టుకుని, టేపు పొడుగునా చూపు నడిపించుకుంటూ వచ్చి ఆ ఖాళీ మీటరు దగ్గర ఆపింది. "ఈ మీటరు మీదమ్మా" అన్నాను. అర్థమైందో లేదో అనుకున్నాను. అర్థమైంది.

"మరి ఆ కాయలండీ?" అంది.

నేను టేపు చుట్టబోయాను. ఆమె ఉంగరం వదల్లేదు.